లేయర్ షెడ్డులో పుంజు కూత ఎందుకు వినబడదు?

[స్క్రీన్ మీద: నెల్లూరు బజారులో గుడ్ల కొట్టు. 30 గుడ్ల ట్రేలు ఒకదాని మీద ఒకటి.]

నమస్తే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మీకు తెలిసినవాళ్ళ లేయర్ షెడ్డు, అంటే గుడ్ల కోళ్ళు పెంచే షెడ్డు ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. ఎన్ని వేల కోళ్ళున్నా అన్నీ పెట్టలే, ఒక్క పుంజు కూతా వినబడదు. పెరట్లో పొదగేసిన పెట్ట పది పిల్లల్ని లేపితే అందులో నాలుగైదు పుంజులు ఉంటాయని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. మరి యంత్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే హేచరీలో పెట్టలే పుడతాయా? పుట్టవు. అక్కడా సగం పుంజులే. ఆ సగం ఏమవుతున్నాయో ఇవాళ చెబుతాను. చూడలేని దృశ్యాలు చూపించను గానీ, మాటల్లో ఏదీ దాచను.

[స్క్రీన్ మీద: పక్కపక్కన రెండు కోళ్ళు. ఒకటి సన్నగా, ఒకటి బొద్దుగా.]

గుడ్లు పెట్టే ఫారం కోడీ, మనం కూరొండుకునే ఫారం కోడీ ఒకటి కాదు. కూర కోడి బ్రాయిలర్. 40 రోజులు తిరిగేసరికి రెండు కిలోలు తూగుతుంది. అందులో పెట్టైనా పుంజైనా కొట్టుకే వెళుతుంది కాబట్టి పుట్టగానే ఏరేయాల్సిన పని లేదు. గుడ్ల కోడి వేరు. మన దగ్గర ఎక్కువగా పెంచే బీవీ-300 లాంటివి వైట్ లెగ్‌హార్న్ వంశం నుంచి వచ్చాయి. ఐదో నెలలో గుడ్డు మొదలుపెట్టి, 72 వారాలు వచ్చేసరికి 300 పైచిలుకు గుడ్లు ఇస్తుంది. తిన్నదంతా గుడ్డుకే పోయేలా తరాల తరబడి ఏరి తయారుచేసిన జాతి అది. దాని తోబుట్టువు పుంజు గుడ్డు పెట్టదు, తిన్న దాణా ఒంటికి పట్టదు. బ్రాయిలర్‌కి 40 రోజుల్లో వచ్చే బరువు దీనికి రావాలంటే నెలలు పడుతుంది. దాణా ధరలు చూస్తే చాలామంది రైతులకు గిట్టుబాటు కాదు.

మన తాతల కాలంలో ఈ ఇబ్బంది లేదు. పెట్ట గుడ్డుకి, పుంజు పోలేరమ్మ మొక్కుకో, అల్లుడొచ్చిన రోజు కూరకో. ఎవరి చోటు వారికి ఉండేది. కోడిని గుడ్డుకొకటి, మాంసానికొకటి అని రెండుగా చీల్చాక గుడ్డు వైపు పుట్టిన పుంజుకి చోటు లేకుండా పోయింది. అసలు కథంతా ఇదే.

[స్క్రీన్ మీద: హేచరీలో ట్రేలు, అప్పుడే లేచిన పసుపు పిల్లలు.]

ఇప్పుడు హేచరీ లోపలికి వెళదాం. గుడ్లు 18 రోజులు సెట్టర్ అనే పొదిగే యంత్రంలో, చివరి మూడు రోజులు పిల్లలు లేచే హేచర్లో ఉంటాయి. 21వ రోజు పిల్లలు లేస్తాయి. ఒంటి మీద తడి ఆరగానే పెట్టా పుంజూ ఏరే సెక్సింగ్ టేబుల్ దగ్గరికి వస్తాయి. కొన్ని జాతుల్లో రెక్క విప్పి చూస్తే చాలు. పెట్టపిల్ల రెక్క అంచున ఈకలు రెండు వరసల్లో, ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా కనబడతాయి. పుంజుపిల్లకి రెండు వరసలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఇలా రెక్కలో తేలని జాతుల్లో పిల్లను బోర్లించి, వెనక ద్వారం మెల్లగా వేలితో తెరిచి లోపలున్న చిన్న బొడిపెను చూసి చెబుతారు. ఈ విద్యను 1920లలో జపాన్ వాళ్ళు కనిపెట్టారు. చేయి తిరిగినవాళ్ళు గంటకు వెయ్యి పిల్లల దాకా చూస్తారు. అంటే ఒక్కో పిల్లకి మూడు, నాలుగు సెకన్లు. పెట్ట ఒక బాక్సులోకి, పుంజు ఇంకో బాక్సులోకి. పెట్టలకు మారెక్స్ అనే కోళ్ళ జబ్బు రాకుండా టీకా వేసి, లెక్కపెట్టి, రైతుకి పంపుతారు. పుంజు బాక్సు ఇంకో తలుపు నుంచి బయటికి పోతుంది.

పుట్టిన కోడిపిల్ల కడుపులో గుడ్డు పచ్చసొన కొంత మిగిలే ఉంటుంది. దాంతో రెండు మూడు రోజులు తిండి లేకపోయినా బతుకుతుంది. అందుకే బాక్సులో, గోతాంలో వదిలేసిన పిల్ల వెంటనే చనిపోదు. చాలాసేపు అరుస్తుంది.

ఎలా చంపుతారు? పెద్ద దేశాల హేచరీల్లో రెండు పద్ధతులు. ఒకటి, వేగంగా తిరిగే బ్లేడ్ల యంత్రం. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ, క్షణంలో ప్రాణం పోతుంది కాబట్టి యూరప్ చట్టం 72 గంటల లోపు పిల్లలకు దాన్ని అనుమతించింది. రెండోది కార్బన్ డయాక్సైడ్ వాయువు. మన దేశంలో జంతు సంక్షేమ సంస్థలు బయటపెట్టిన వీడియోల్లో కనబడింది ఇంతకంటే దారుణం. ఊపిరాడకుండా సంచుల్లో కుక్కడం, నీళ్ళలో ముంచడం, కాల్చడం, బతికుండగానే చేపలకు వేయడం. నెల్లూరు వైపు చేపల చెరువులకు చికెన్ వ్యర్థాల లారీలు రావడం, అధికారులు పట్టుకోవడం మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. చచ్చినదానికీ చావబోయేదానికీ చెరువు దగ్గర తేడా ఏముంటుంది చెప్పండి.

పుంజులన్నిటినీ చంపేస్తారని కూడా కాదు. కొన్నిటిని తక్కువ రేటుకి తీసుకుపోయి పెంచి మాంసానికి అమ్ముతారు. నాటుకోడి పేరు చెప్పి అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. కానీ పుట్టే పుంజుల లెక్క ముందు ఆ గిరాకీ ఏ మూలకీ రాదు.

[స్క్రీన్ మీద: 300 గుడ్లు = 1 పెట్ట = 1 పుంజుపిల్ల]

లెక్క సులువే. 50,000 పెట్టల షెడ్డు నిండిందంటే, ఎక్కడో 50,000 పుంజుపిల్లలు బాక్సులోకి వెళ్ళినట్టే. రోజుకో గుడ్డు తినే మనిషి వాటాకి ఏడాదికి సుమారు ఒక పుంజుపిల్ల. 2023-24లో మన దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తయ్యాయి. అందులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, దాదాపు 18 శాతం. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 600, 700 కోట్ల పుంజుపిల్లలు ఇలా పోతున్నాయని అంచనా.

[స్క్రీన్ మీద: వీధిలో గంప. గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగు పిల్లలు.]

ఈ రంగు కోడిపిల్లలు గుర్తుపట్టారా? ఒంగోలులోనైనా, కావలిలోనైనా గంపలో పెట్టుకుని వస్తారు. పిల్లలు ఏడ్చి మరీ కొనిపించుకుంటారు. అవి చాలావరకు ఈ పుంజుపిల్లలే. తెచ్చిన రెండు మూడు రోజుల్లో చనిపోతే "దిష్టి తగిలింది" అనుకుంటాం. తగిలింది చలి. మొదటి వారం కోడిపిల్లకి దాదాపు 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కింద దొరికేది అదే. అట్టపెట్టెలో పెట్టి వరండాలో వదిలేస్తే రాత్రికి ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగి చస్తాయి. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఎలుకలు, పిల్లులు దూరని చోట పాతకాలం 60 వాట్ల బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ వద్దు, వేడి రాదు. పిల్లలు బల్బు కిందే గుమిగూడితే చలేస్తున్నట్టు, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడెక్కువైనట్టు. దయచేసి ఇంకోసారి మాత్రం కొనకండి. మనం కొంటున్నంత కాలం గంప వస్తూనే ఉంటుంది.

[స్క్రీన్ మీద: గుడ్డు మీద పడుతున్న కాంతి.]

పుట్టకముందే కనిపెట్టొచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. కనిపెడుతున్నారు. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి కణం. కోళ్ళల్లో తల్లి. గుడ్డు బయటికి వచ్చేసరికే అది తేలిపోయి ఉంటుంది. జర్మనీలో ఏడాదికి సుమారు నాలుగున్నర కోట్ల పుంజుపిల్లల్ని చంపేవాళ్ళు. కేవలం డబ్బు లెక్క కోసం చంపడం సరైన కారణం కాదని 2019లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం చెప్పింది. 2022 జనవరి 1 నుంచి చంపడం నిషేధం. తర్వాత ఫ్రాన్స్ కూడా అదే దారి పట్టింది. అక్కడ 13వ రోజు దగ్గర పొదుగుతున్న గుడ్డు మీద కాంతి వేసి లోపలి ఈకల రంగు చూసి పుంజు గుడ్డుని తీసేస్తారు. కాకపోతే పుంజుకీ పెట్టకీ ఈకల రంగు వేరుగా ఉండే గోధుమ రంగు కోళ్ళలోనే అది పనిచేస్తుంది. మన తెల్ల లేయర్లలో రెండూ ఒకే రంగు. వీటికి గుడ్డు నుంచి చుక్క ద్రవం తీసి హార్మోన్ పరీక్ష చేయాలి, లేదా ఎంఆర్ఐ స్కాన్ తీయాలి. యంత్రాలకు ఖర్చు ఎక్కువ, కానీ గుడ్డు మీద పడేది తక్కువే. యూరప్‌లో గుడ్డుకి ఒకటి రెండు సెంట్లు. మన రూపాయి రెండు రూపాయలు.

మన దేశంలో ఇలాంటి నిషేధం లేదు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. అందులో 11వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అవును, యాభై రూపాయలే. రేపే యంత్రాలు కొనమని నేను హేచరీలను అడగడం లేదు. బతికున్న పిల్లను సంచిలో కుక్కకూడదని, నీళ్ళలో ముంచకూడదని, చెరువులో వేయకూడదని రాతపూర్వకంగా ఒక రూలు, దాన్ని చూడటానికి ఒక తనిఖీ. ఇది పెద్ద ఖర్చు లేకుండా ఈ ఏడాదే చేయగలిగిన పని.

[స్క్రీన్ మీద: పెరట్లో మేస్తున్న రంగురంగుల కోళ్ళు.]

పెరడు ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం వనరాజా, గ్రామప్రియ అనే జాతులు తయారుచేసింది. పెట్ట గుడ్డుకి, పుంజు కూరకి, రెండూ పనికొస్తాయి. వనరాజా పుంజు మూడు నెలలకు కిలో పైనే తూగుతుంది. లేయర్ కోడిలా 300 గుడ్లు మాత్రం పెట్టవు, ఆ ఆశ పెట్టుకోకండి. పిల్లల కోసం మీ మండల పశువైద్యశాలలో అడగండి. పెట్టా పుంజూ ఏరకుండా కలిపి ఇచ్చేవే తీసుకోండి. మొదటి వారంలోనే కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క వేయించండి. చలికాలమైతే పిల్లల్ని తెచ్చే ముందు రోజే బల్బు వేసి గది వెచ్చబెట్టి ఉంచండి.