నడుము పట్టేసిన మొదటి పదిహేను రోజులు

(తెర మీద: తెల్లవారుజామున రైస్ మిల్లు షెడ్డు. లారీ మీది నుంచి వీపు మీదికి బస్తా దించుకుంటున్న హమాలీ.)

నమస్తే. మా బాపు పరకాల దగ్గర ఒక రైస్ మిల్లులో హమాలీ. 2009లో, యాసంగి వడ్లు మిల్లుకు వచ్చే రోజుల్లో, లారీ మీది నుంచి బస్తా దించుకుంటూ పక్కకు తిరిగాడు, అంతే, నడుము పట్టేసింది. బస్తా వదిలేసి గోడ పట్టుకుని అట్లనే నిలబడిపోతే, తోటివాళ్లు ఇద్దరు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చారు. మళ్లీ బస్తా ఎత్తడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది.

ఎముక విరగలేదు. ఆపరేషన్ కాలేదు. కాలు చచ్చుబడలేదు. మరి నాలుగు నెలలు ఎందుకు? నేను ఫిజియోథెరపీ చదివింది ఈ ఒక్క ప్రశ్న వల్లనే, ఇప్పుడు హనుమకొండలో రోజూ ఇలాంటి నడుములే చూస్తున్నాను, అందుకే ఈ వీడియో.

ఆ మొదటి రోజుల్లో ఏం జరిగిందో చెబుతాను, మీ ఇంట్లో కూడా ఇదే జరిగి ఉంటుంది. మొదటి రోజు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నడుముకు సూది. రెండో రోజు ఇంకో సూది, గోలీలు. మూడో రోజు ఎవరో చెప్పారని పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే, చెయ్యి వేసి చూడకముందే ఎమ్మారై రాశారు. రిపోర్టు రాగానే డాక్టరు ఫిల్మ్ లైటుకు పెట్టి, 'నీ డిస్క్ అరిగిపోయింది, బయటికి జారింది, ఇక బరువు ఎత్తితే కాళ్లు పడిపోతాయి, మంచం దిగకు' అన్నారు. బరువు ఎత్తడమే బతుకుగా ఉన్న మనిషితో అన్న మాట అది. ఆరు వారాలు బాపు మంచం దిగలేదు. నొప్పి మూడో వారానికే చాలావరకు తగ్గిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు, కానీ భయం తగ్గలేదు, వంగి చెంబు తీసుకోవడానికి కూడా అమ్మను పిలిచేవాడు.

(తెర మీద: వెన్నుపూసల బొమ్మ. రెండు పూసల మధ్య మెత్తటి డిస్క్.)

ముందు ఆ స్కాన్ సంగతి చూద్దాం. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వాళ్లలో సగం మందికి పైగా, 52 శాతం మందికి, ఏదో ఒక చోట డిస్క్ ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. నొప్పి లేనివాళ్ల సంగతి ఇది! వయసుతో తల నెరిసినట్టే డిస్కులు కూడా అరుగుతాయి, ఉబ్బుతాయి, ఆ మార్పు కనపడినంత మాత్రాన నొప్పికి కారణం అదే అనుకోవడానికి లేదు. నడుము నొప్పితో వచ్చే పది మందిలో తొమ్మిది మందికి దాకా ఫలానా చోట ఫలానా దెబ్బ అని వేలు పెట్టి చూపించగలిగే కారణం దొరకదు. బాపు ఫిల్మ్‌లో కనిపించింది బస్తా ఎత్తిన రోజు కంటే ఏళ్ల ముందు నుంచే అక్కడ ఉండి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. నడుము నొప్పికి మొదట్లో ఏ వైద్యం చేస్తే మనిషి ఎన్ని రోజులకు పనికి వెళ్తాడు అన్నది మన దగ్గర చెప్పడం కష్టం, హమాలీ ఎన్ని రోజులు ఇంట్లో ఉన్నాడో రాసిపెట్టేవాళ్లు లేరు. అమెరికాలో పని చేస్తూ దెబ్బ తగిలిన కార్మికుడికి బీమా నుంచి జీతంలో కొంత భాగం ఇస్తారు, దాన్ని క్లెయిమ్ అంటారు, మనిషి మళ్లీ పనిలో చేరే దాకా అది నడుస్తుంది కాబట్టి ప్రతి రోజూ లెక్కలో ఉంటుంది. ఆ లెక్కల్లోంచే ఈ సంగతులు బయటపడ్డాయి.

2007లో వచ్చిన ఒక అధ్యయనంలో నడుము నొప్పితో క్లెయిమ్ పెట్టుకున్న 8,443 మందిని చూశారు. మొదటి 15 రోజుల్లో ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్ జాతి నొప్పి మందులు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరు ఎన్నాళ్లు ఇంట్లో ఉన్నారు అని. ఆ మందులు అందరికంటే ఎక్కువ మోతాదులో తీసుకున్నవాళ్లు, అసలు తీసుకోనివాళ్ల కంటే సగటున 69 రోజులు ఎక్కువ పనికి దూరంగా ఉన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం ఎమ్మారై గురించి. నడుము బెణికిన కార్మికుల్లో మొదటి ఆరు వారాల్లోనే స్కాన్ తీయించుకున్నవాళ్లు ఏడాది తర్వాత కూడా క్లెయిమ్ మీదే ఉండే అవకాశం, తీయించుకోనివాళ్ల కంటే దాదాపు రెట్టింపు. నరం నొక్కుకుని కాలిలోకి నొప్పి దిగినవాళ్లలో మాత్రం ఏడాది దగ్గర ఆ తేడా కనిపించలేదు.

ఇక్కడ మీకో అనుమానం రావాలి, వస్తే మంచిదే. ఎక్కువ నొప్పి ఉన్నవాళ్లకే కదా ఎక్కువ మందులు, స్కాన్లు రాసేది, వాళ్లు సహజంగానే ఆలస్యంగా కోలుకుంటారు కదా? నిజమే. అందుకే ఆ పరిశోధకులు దెబ్బ తీవ్రతను కూడా లెక్కలోకి తీసుకుని సరిచూశారు, అయినా తేడా నిలబడింది. అంతమాత్రాన స్కానే మనిషిని మంచాన పడేసింది అని తేల్చి చెప్పను, కారణాన్ని అంత గట్టిగా చూపించే పద్ధతి కాదు అది. మందుల విషయంలో మాత్రం గట్టి పరీక్షే జరిగింది, చీటీలు వేసినట్టు మనుషులను విడదీసి, కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ఉత్త గోలీ ఇచ్చి. 2023లో ఆస్ట్రేలియాలో 347 మంది మీద చేసిన ఆ పరీక్షలో, కొత్తగా వచ్చిన నడుము నొప్పికీ మెడ నొప్పికీ ఓపియాయిడ్ ఆరు వారాల దగ్గర ఉత్త గోలీ కంటే మెరుగ్గా పని చేయలేదు. మన దగ్గర ట్రమడాల్ ఆ జాతి మందే. ఇంట్లో మందుల చీటీ తీసి చూడండి, దాని పేరు ఉంటే ఎన్ని రోజులు వాడాలో, ఎప్పుడు ఎలా ఆపాలో డాక్టరును అడగండి. చాలా రోజులుగా వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారి ఆపొద్దు.

మరి మంచం? దాని మీద కూడా ఇలాంటి పరీక్షలే ఉన్నాయి. 1986లో అమెరికాలో 203 మందిని తీసుకుని సగం మందికి రెండు రోజులు, సగం మందికి ఏడు రోజులు పడుకోమని చెప్పారు. రెండు రోజులు చెప్పినవాళ్లు పనికి పోగొట్టుకున్న రోజులు 45 శాతం తక్కువ. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగుల మీద ఇంకో మెట్టు ముందుకు వెళ్లారు, కొందరికి రెండు రోజుల పడక, కొందరికి నడుము వ్యాయామాలు, మిగతావాళ్లకు నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు మామూలుగా తిరగమని మాత్రమే. అందరికంటే బాగా కోలుకున్నది ఈ మూడోవాళ్లు. వ్యాయామాలు చేయించిన వాళ్ల కంటే కూడా! ఫిజియోథెరపిస్టుగా ఈ మాట చెప్పడం నాకేం ఇబ్బంది కాదు. కొత్తగా పట్టేసిన నడుముకు మొదటి వారంలో నా దగ్గరికి రావాల్సిన అవసరం చాలామందికి ఉండదు, ధైర్యం చెప్పి నాలుగడుగులు నడిపించే మనిషి ఇంట్లో ఉంటే చాలు. కాపడం పెట్టుకోండి, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకోండి, గంటకోసారి లేచి వాకిట్లో తిరగండి. నొప్పి ఉండగా కదిలితే నరాలు తెగిపోతాయని భయపడతారు, అట్లా తెగవు. మామూలుగా కొన్ని వారాల్లో ఇది తగ్గుతుంది.

(తెర మీద: ఎర్ర రంగు. మాటలు పెద్ద అక్షరాల్లో.)

ఇక్కడ ఆగి ఒక మాట చాలా శ్రద్ధగా వినండి. నేను చెప్పేదంతా మామూలు నడుము నొప్పికే. మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మల విసర్జన మీద పట్టు తప్పినా, తొడల మధ్య సైకిల్ సీటు తగిలే చోట తిమ్మిరి పట్టినా, కాలు బలం తగ్గి పాదం ఈడుస్తున్నా ఆ రోజే, రాత్రయినా సరే, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద ఆస్పత్రికి వెళ్లాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్ను టీబీ కావచ్చు, మన దగ్గర అది అరుదు కాదు. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఎత్తు మీది నుంచి పడ్డవాళ్లు, ఏళ్లుగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు కూడా ఆగొద్దు. వీళ్లకు స్కాన్ ఎంత తొందరగా తీస్తే అంత మేలు.

సరే, వైద్యం సంగతి ఇది. కానీ మనిషిని త్వరగా పనికి తెచ్చేది ఆస్పత్రి ఒక్కటే కాదు. 1997లో కెనడాలో, క్యూబెక్‌లో, నడుము నొప్పితో నాలుగు వారాలు దాటి ఇంట్లో ఉన్న కార్మికుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి వైద్యంతో పాటు పని చేసే చోటుకే నిపుణుడు వెళ్లి, కార్మికుడు, యజమాని తరఫు మనిషి, యూనియన్ మనిషి అందరూ కూర్చుని పనిలో ఏం మార్చాలో మాట్లాడుకున్నారు. వాళ్లు తమ పాత పనికి, మామూలు వైద్యం అందినవాళ్ల కంటే 2.4 రెట్లు వేగంగా వెళ్లారు. ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ పని చోట చేసిన మార్పే.

మన దగ్గర ఆ మాట ఎవరు అడుగుతారు? ఈఎస్ఐ, అంటే ప్రభుత్వ కార్మిక బీమా, ఉన్నవాళ్లకు, పని మీద తగిలిన దెబ్బ అని నమోదై, కనీసం మూడు రోజులు పనికి వెళ్లలేకపోతే, ఆ అశక్తత ఉన్నన్నాళ్లు జీతంలో 90 శాతం భృతి వస్తుంది. మామూలు జబ్బు కింద లెక్క వేస్తే 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకే. అందుకే నడుము పట్టేసిన రోజే మేస్త్రీకి చెప్పి ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి, రెండు వారాల తర్వాత గుర్తుచేసుకుని రాయిస్తే నమ్మేవాళ్లు ఉండరు. ఒక చిక్కు కూడా ఉంది. భృతి తీసుకున్న రోజున కూలికి పని చేయడానికి లేదు, అంటే మనిషి పూర్తిగా ఇంట్లో ఉండాలి, లేదంటే పూర్తిగా ఫిట్ అయి రావాలి, నడుమ మెట్టు లేదు. తేలిక పనితో మొదలుపెడతానని కార్మికుడు అనుకున్నా, ఆ పని చూపించి దానికి కూలి ఇవ్వడానికి యజమాని ఒప్పుకోవాలి. పైగా నొప్పి ఉందని పదే పదే రుజువు చేసుకోవాల్సిన మనిషి నొప్పినే పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. దానికి అతన్ని దొంగ అనొద్దు, ఆ పరిస్థితిలో ఎవరమైనా అంతే చేస్తాం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే అన్నలకు, ఊళ్లల్లో కొనుగోలు కేంద్రాల దగ్గర 40 కిలోల వడ్ల బస్తాలు లారీలకు ఎక్కించేవాళ్లకు ఇదేమీ లేదు. బస్తా మోస్తేనే కూలి. వాళ్లు నాలుగో రోజుకే, నొప్పి తగ్గకుండానే, గోలీ వేసుకుని బస్తా కిందికి వెళ్తారు, లేకపోతే వడ్డీకి తెచ్చుకుంటారు. కదలడం మంచిదని నేను చెప్పినప్పుడు వాళ్లు నన్ను చూసే చూపు నాకు తెలుసు. కదలడం అంటే మూడో రోజే బస్తా మొయ్యమని కాదు, నడుమ ఉండే పని ఏదో ఒకటి ఇవ్వాలని. ఇది మిల్లు సేట్లకూ, మేస్త్రీలకూ, హమాలీ సంఘాల పెద్దలకూ చెబుతున్నాను.

(తెర మీద: దబ్బనం, సుతిలి. సంచి మూతి కుడుతున్న చేతులు.)

2017లో బాపుకు మళ్లీ పట్టేసింది, అదే మిల్లు, అదే పని. ఈసారి స్కాన్ వద్దన్నాను, కాళ్ల బలం, తిమ్మిరి నేనే చూశాను, రెండు రోజులు కాపడం, మామూలు నొప్పి గోలీలు, వాకిట్లో నడక. మూడో రోజు మేస్త్రీకి ఫోన్ చేసి, 'అన్నా, బస్తాలు మోయలేడు, ఇంకేదన్నా పని చూపించు' అని అడిగాను. ఆయన కాదనలేదు. బాపు వారం పైన స్టూలు మీద కూర్చుని, మధ్యమధ్య లేచి నడుస్తూ, దబ్బనంతో సంచుల మూతులు కుట్టాడు. పన్నెండో రోజు పొద్దున, నాకు చెప్పకుండానే, బస్తా ఎత్తాడు.