పిల్లల గుండెలో మర్మర్ ఉందంటే.. మెషిన్ ఏం వింటుంది?

హాయ్ అండీ, వైజాగ్ నుంచి మళ్ళీ వచ్చేశా. జ్వరమని పిల్లాణ్ణి తీసుకెళ్తే డాక్టర్ గారు స్టెతస్కోప్ పెట్టి "మర్మర్ వినపడుతోందమ్మా, ఒకసారి ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించండి" అంటారు, అంతే, మనం ఇంటికొచ్చేలోపే గాజువాక నుంచి భీమిలి దాకా చుట్టాలందరికీ తెలిసిపోద్ది, బాబుకి గుండెలో చిల్లంట అని. కాస్త ఆగండి. సగానికి పైగా పిల్లల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ శబ్దం వినిపిస్తుంది, చాలావరకు జబ్బేం ఉండదు, జ్వరమొచ్చినా రక్తం తక్కువున్నా ఇంకాస్త గట్టిగా వినపడుతుంది.

(గుండె చప్పుడు ఆడియో, కింద గ్రాఫ్)

లబ్, డబ్ అనేవి వాల్వులు మూసుకునే చప్పుళ్ళు. వాటి మధ్యలో సుయ్‌మని వచ్చేదే మర్మర్. జబ్బు లేని పిల్లల్లో ఎక్కువగా వినపడేది స్టిల్స్ మర్మర్, సన్నగా సంగీతంలా ఉంటుంది, పడుకోబెడితే పెరుగుతుంది కూర్చోబెడితే తగ్గుతుంది. అదే గుండె కింది రెండు గదుల మధ్య చిల్లుంటే లబ్ నుంచి డబ్ దాకా గరగరమంటూనే ఉంటుంది.

ఇప్పుడు డిజిటల్ స్టెతస్కోప్ ఈ శబ్దాన్ని రికార్డ్ చేస్తుంది, సాఫ్ట్‌వేర్ ముందు లబ్ ఎక్కడ డబ్ ఎక్కడ అని విడగొట్టి ఆ మధ్యలో ఏ ఫ్రీక్వెన్సీ ఉంది, ఎంతసేపు ఉంది, పెరిగి తగ్గుతోందా అని చూస్తుంది. బ్రెజిల్‌లో 1568 మంది దగ్గర, ఎక్కువమంది పిల్లలే, 5272 రికార్డింగులు తీశారు, ఆ డేటాతోనే 2022లో ఫిజియోనెట్ (వైద్య పరిశోధనకి డేటా అందించే వెబ్‌సైట్) వాళ్ళు పోటీ పెట్టారు, మర్మర్ పట్టే ప్రోగ్రాం ఎవరిది బాగుందో చూద్దామని.

అసలు తలనొప్పి ఎక్కడంటే, పిల్లాడు ఏడుస్తాడు! పైన ఫ్యాను, పక్కన ఓపీ గోల, పైగా చంటిపిల్లల గుండె ఎంత స్పీడుగా కొట్టుకుంటుందంటే లబ్ ఏదో డబ్ ఏదో మెషిన్‌కే తికమక. పాలు తాగి పడుకున్నాక రికార్డ్ చేస్తే నయం.

నాకైతే ఇది పాడేరు, అరకు వైపు పీహెచ్‌సీల్లో బాగా పనికొస్తుందనిపిస్తుంది, అక్కడే రికార్డ్ చేసి పంపితే ఎవరిని ఎకోకి వైజాగ్ రమ్మనాలో ఇక్కడి డాక్టర్ తేల్చుకోవచ్చు, ఊరికే ఘాట్ రోడ్డు దిగి వచ్చే బాధ కొందరికైనా తప్పుద్ది.

ఒక్కటి మాత్రం వినండి, శబ్దం పెద్దదైతే జబ్బు పెద్దదని కాదు. పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్ళు ఎలా గట్టిగా చిమ్ముతాయో, చిన్న చిల్లు అలా గోల చేస్తుంది, పెద్ద చిల్లు ఒక్కోసారి సైలెంట్‌గా ఉంటుంది, పుట్టిన మొదటి రోజుల్లో మరీను. అందుకే పాలు తాగుతూ చెమట్లు పడుతున్నా, బరువు పెరక్కపోయినా, పెదాలు నీలంగా మారినా మెషిన్ నార్మల్ అన్నా సరే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి, పెదాలు నీలమైతే ఆ క్షణమే.