నల్లమల నేల మీద కుక్రీ పాము

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

అమ్రాబాద్ అడవి పేరెత్తగానే పులి గుర్తుకు రావడం సహజమే. నేను మాత్రం ఈరోజు మూరెడుకు అటూ ఇటూగా ఉండే కుక్రీ పామును గురించి మాట్లాడదలచుకున్నాను. గోధుమరంగు ఒంటిపై నల్లని అడ్డపట్టీలు, తలపై బాణపు మొనల వంటి గుర్తులు ఉండే ఈ పాముకు మనిషికి హాని చేసే విషం లేదు. దీని పైదవడ వెనుక పళ్లు కుక్రీ అనే గూర్ఖాల కత్తిలా వెడల్పుగా, వంపు తిరిగి ఉంటాయి; పేరు అందుకే వచ్చింది. తొండలు, బల్లులు పెట్టిన గుడ్లను చీల్చడానికి అవి పనికొస్తాయి. అంటే ఇది గుడ్లు పెట్టే పామే కాక గుడ్లు తినే పాము కూడా. 1802లో పేరు పెట్టిన నాటి నుంచి చాలాకాలం ఒకే జాతిగా లెక్కించిన ఈ పాములను 2022లో శాస్త్రవేత్తలు మూడు జాతులుగా విడదీశారు. ఊరి పొలిమేరల్లో తిరిగే జీవి విషయంలోనే ఇంత ఆలస్యం జరిగిందంటే ఆశ్చర్యమే.

ఆడ పాము మూడు నుంచి తొమ్మిది దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లకు గట్టి పెంకు ఉండదు, తోలు వంటి పొర మాత్రమే ఉంటుంది. చుట్టూ తేమ తగ్గితే అవి ముడుచుకుపోతాయి. తల్లి వాటిని పొదగదు కాబట్టి, వేడి, తేమ రెండూ నిలిచే చోటును ఎంచుకోవడమే అది చేయగల సంరక్షణ. నల్లమద్ది, చిరుమాను, తునికి వంటి చెట్లు ఎండాకాలానికి ఆకు రాల్చే ఈ అడవిలో అటువంటి చోట్లు దొరికేది చెదపుట్టల్లో, చెట్ల తొర్రల్లో, రాళ్ల సందుల్లో, పడిపోయి పుచ్చిన మొద్దుల కింద. తొండలు మట్టిని తవ్వి గుడ్లు పెట్టేదీ ఈ నేలలోనే కనుక, ఈ పాము కడుపు నింపేదీ, దాని సంతానాన్ని కాపాడేదీ ఒకే జానెడు మందపు నేలపొర. అడవికి నిప్పు అంటుకున్నప్పుడు మానులు నిలిచే ఉన్నా, ఈ పొర మాత్రం కాలిపోతుంది. పైనుంచి చూసేవారికి ఆ నష్టం కనిపించదు. పడిన మొద్దులను, పుట్టలను అడవి చెత్తగా భావించి తొలగించడం కూడా, నా దృష్టిలో, అటువంటి నష్టమే.

ఇక మనుషుల చేతిలో ఇది చచ్చేది ప్రధానంగా కట్లపామనే భ్రమతో. కట్లపాముకు నల్లటి ఒంటిపై సన్నని తెల్ల కట్లు ఉంటాయి, వెన్ను మీది పొలుసులు మిగతావాటికన్నా పెద్దవి. కుక్రీ పాముకు పట్టీలే నల్లనివి. అయితే ఈ గుర్తులు నేర్చుకున్నామన్న ధైర్యంతో ఎవరూ పామును పట్టుకోరాదు. ఏ పాము కరిచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో పాము కనబడితే దూరంగా నిలిచి, పాములు పట్టేవారిని పిలవాలి.