ముందు ముక్కు దించు

శ్రోతలకు నమస్కారం. చిన్న విమానానికి ఒక్కటే ఇంజిన్ కదా, అది ఆగిపోతే రాయిలా పడిపోతుందా అని చాలామంది అడుగుతుంటారు. పడిపోదు. నాలుగు సీట్ల సెస్నా 172 ఒక కిలోమీటరు ఎత్తులో ఉంటే, గాలి లేని రోజున సుమారు 9 కిలోమీటర్లు జారుకుంటూ వెళ్లగలదు.

బెంగళూరులో నేను విమానం నేర్చుకుంటున్న రోజులు. దొడ్డబళ్ళాపురం వైపు ఎగురుతున్నాం. మా ఇన్‌స్ట్రక్టర్ గారిది నెల్లూరు. చెప్పాపెట్టకుండా థ్రాటిల్, అంటే ఇంజిన్ జోరు పెంచే తగ్గించే మీట, వెనక్కి లాగేశారు. "ఇంజిన్ పోయింది బాబూ, ఇప్పుడేం చేస్తావు?"

కిందికి పోతున్నామన్న భయంతో నా చేతులు కంట్రోల్‌ను వెనక్కి లాగాయి. ముక్కు పైకి లేచింది. వేగం పడిపోతోంది. వేగం లేకపోతే రెక్కలు విమానాన్ని మోయలేవు. "ముక్కు దించు" అన్నారు. నాకు చేతులు రాలేదు. నేల కనిపిస్తుంటే ముక్కు దించడమేంటి? "ముక్కు దించు బాబూ. మిగతావన్నీ తరవాత."

దించాను. వేగం మళ్లీ అందుకుంది: 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. విమానం కుదురుకుంది. ఇక దిగే చోటు వెతకాలి. పచ్చగా, చదునుగా ఒక తోట చూపించాను. "అది ద్రాక్షతోట. రాతి స్తంభాలు, వాటి మీద తీగలు. పక్కన కోసేసిన రాగి చేను చూడు. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాలు వెతుకు." చేను దగ్గరపడ్డాక థ్రాటిల్ మళ్లీ ముందుకు తోశారు. ఆ ఇంజిన్ చప్పుడు అంత తియ్యగా నాకెప్పుడూ వినబడలేదు.

ఇంజిన్ నిజంగా ఆగడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఇంధనం అయిపోవడం, అందులో నీళ్లు కలవడం, ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్‌లో మంచు. అవును, మంచే! బెంగళూరు వానాకాలపు తేమగాలి కార్బురేటర్ ఇరుకు గొంతులో చల్లబడితే, బయట 20 డిగ్రీలున్నా లోపల మంచు కడుతుంది. దాన్ని కరిగించే వేడిగాలికి వేరే మీట ఉంటుంది.

మీలో ఎవరైనా ఎప్పుడైనా అలాంటి విమానంలో కూర్చుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. నడుము బెల్టుతో సరిపెట్టకండి, భుజం బెల్టు కూడా బిగించండి. ఎక్కగానే తలుపు ఎలా తెరుచుకుంటుందో పైలట్‌ని అడగండి. పొలంలో దిగాల్సి వస్తే, నేల తాకేముందే తలుపు గడియ తీయమంటారు. దెబ్బకు తలుపు బిగుసుకుపోకుండా ఉండటానికే. విమానం ఆగాక ముందుకు, ప్రొపెల్లర్ వైపు వెళ్లకండి. తోక వైపు నడవండి.