కాపీ రెడీ అయిన తేదీ
(హైదరాబాద్‌లో పారాలీగల్ కోర్సు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ 'సీనియర్ పారాలీగల్', అంటే లాయర్లకు పనిలో సాయపడే మనిషి, అన్నారు. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులో మాత్రం ఇప్పటికీ గుమాస్తా అనే పిలుస్తారు. అటు గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏసీ గదిలో కూర్చుని కాంట్రాక్టులు చదివేవాళ్లు పారాలీగల్స్. పేరు మారితే జీతమూ మారుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్తున్నాను.

వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే కాగితం) మీద సంతకాలు, అడ్వొకేట్ల సంక్షేమ నిధి వెల్ఫేర్ స్టాంపు సరిచూడటం, అభ్యంతరాలతో తిరిగొచ్చిన కాగితాలు దిద్ది మళ్లీ వేయడం, నోటీసులు పంపడానికి బత్తా అనే రుసుము కట్టడం, రేపటి కాజ్ లిస్టులో, అంటే విచారణకొచ్చే కేసుల పట్టికలో, మన కేసు ఏ కోర్టులో ఎన్నో నంబరో రాత్రే చూసి పెట్టడం. ఇవన్నీ కొన్నాళ్లు తిరిగితే వచ్చేస్తాయి. రోజులు లెక్కపెట్టడమే రాదు.

నేను చేరిన రెండో ఏడు. ఒక స్థలం తగాదాలో మా క్లయింట్లు ఓడిపోయారు. హైకోర్టుకైతే అప్పీలుకు 90 రోజులు, అంతకంటే కింది కోర్టుకైతే 30. మాది 30 రోజుల అప్పీలు. తీర్పు నకలుకు వెంటనే దరఖాస్తు పెట్టాను. నకలు తయారైన రోజున నేను నల్లగొండలో చుట్టాల పెళ్లిలో ఉన్నాను. ఎక్కడికి పోతుందిలే అనుకుని 12 రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకున్నాను. గడువులోంచి ఆ 12 రోజులూ తీసేసి, ఇంకా నాలుగు రోజులున్నాయన్న ధీమాతో అప్పీలు వేయించాను. ఎనిమిది రోజులు ఆలస్యమని తిరిగొచ్చింది!

1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్, నకలు తయారవడానికి పట్టే కాలాన్నే మినహాయిస్తుంది. అది కౌంటర్లో మన కోసం ఎదురుచూసిన రోజులు మన ఖాతాలోవే. నకలు మీద వేసే ముద్రలో దరఖాస్తు పెట్టిన తేదీ, రెడీ అయిన తేదీ, ఇచ్చిన తేదీ విడివిడిగా ఉంటాయి. నేను చూసింది చివరిది ఒక్కటే. ఆలస్యం మన్నించమని పిటిషన్ వేసి, తప్పు నాదేనని నేనే అఫిడవిట్ ఇచ్చాను. ఖర్చులు కట్టించుకుని కోర్టు ఒప్పుకుంది. మా లాయరు సార్ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కోర్టు వరండా సంగతి. లాయర్ని అడగడానికి జంకే క్లయింటు మనల్ని అడుగుతాడు. "గెలుస్తమా బిడ్డా?" అని ఓ పెద్దమ్మ చెయ్యి పట్టుకుంటే ఏం చెప్తారు? గెలుస్తాం అనాలనిపిస్తుంది. అనకండి. వాయిదా ఎప్పుడో, ఏ కాగితం తేవాలో చెప్పండి, మిగతాది సార్ దగ్గర కూర్చోబెట్టి అడిగించండి. అడ్వొకేట్ కానివాళ్లు కోర్టులో వకాల్తా పని చేస్తే 1961 అడ్వొకేట్స్ చట్టం 45వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. అది అలా ఉంచండి. మనం గెలుస్తామన్నామని ఆమె మంచి రాజీ వదులుకుంటే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేదనేవాళ్లూ ఎదురవుతారు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం ఇచ్చిన హక్కది. న్యాయ సేవల సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయమనండి. అక్కడ పనిచేసే పారా లీగల్ వాలంటీర్లు వేరు, మనం వేరు. రెండూ కలిపేయకండి.

ఫోన్లో అన్నీ కనిపిస్తున్నాయి కదా, ఇంక మనమెందుకు అంటారు మీరు. ప్రతి కేసుకూ ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే తర్వాతి వాయిదా వస్తుంది, నిజమే. గడువు ఏ రోజుతో తీరుతుందో అది చెప్పదు.

అందుకే ఒక పాత నకలు జిరాక్స్ అందరికీ పంచుతున్నాను. పేర్లు కొట్టేశాను, ముద్రలోని తేదీలు ఉంచాను. 30 రోజుల గడువు ఏ తేదీతో ముగుస్తుందో కాగితం మీద రాసివ్వండి. పక్కవాళ్లది చూడొద్దు.