గట్లు లేని ఊరు

అందరికీ నమస్కారం.

ఇంగ్లండు కబుర్లు అనగానే లండన్ గురించి చెబుతాననుకుని వచ్చినవాళ్లు ఉంటే క్షమించాలి. లండన్‌లో నేనున్నది రెండు రోజులు, రెండు రోజులూ వానే. నేను చెప్పబోయేది లాక్స్‌టన్ అనే ఒక చిన్న పల్లెటూరి గురించి. నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాలో ఉంది. మా అమ్మాయి నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, ఇక్కడికి దగ్గర్లో ఒక ఊళ్లో పొలాలకి గట్లే ఉండవట" అని ఒకరోజు అంది. ముప్పై మూడేళ్లు సర్వేయరుగా గొలుసు లాగినవాడికి ఆ మాట చెప్పి ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటాడా?

వెళ్లి చూశాను. నిజమే. ఊరి చుట్టూ మూడు పెద్ద పొలాలు. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అంటారు. మూడూ కలిపి సుమారు 480 ఎకరాలు. ఒక్కో పొలం ఎవరో ఒకరిది కాదు. పొడుగాటి చెక్కలుగా రైతులందరికీ పంచి ఉంటుంది. ఒకే రైతుకి ఇక్కడ ఒక చెక్క, అల్లంత దూరంలో ఇంకొకటి, పక్క పొలంలో మరొకటి. మధ్యలో గట్టు లేదు, కంచె లేదు. అందుకేనేమో రైతుల ఇళ్లు కూడా పొలాల్లో కాకుండా ఊరి వీధిలోనే, వీధికి పక్కగోడ చూపిస్తున్నట్టు అడ్డంగా ఉంటాయి. కొట్టాలూ దొడ్లూ వెనకాల. చెక్కలు నాలుగు దిక్కులా ఉన్నప్పుడు ఊరి మధ్య ఉండటమే సుఖం కదా.

ఇదేం పద్ధతి అని మీకు అనిపించవచ్చు. అక్కడిది బరువైన బంకమట్టి నేల. పల్లంలో నీళ్లు నిలుస్తాయి, మెరకలో నిలవవు. అందరికీ కాస్త మెరక, కాస్త పల్లం వస్తే వానలు ఎక్కువైనా తక్కువైనా ఎవరి కొంపా పూర్తిగా మునగదు. మన దగ్గర అన్నదమ్ములు పంచుకునేటప్పుడు కాలవ పక్క సగం, కాలవకి దూరంగా సగం ఇద్దరికీ వచ్చేలా చీల్చుకోవడం లేదూ? అదే లెక్క. ఇంగ్లండులో వందల ఏళ్లు చాలా ఊళ్లు ఇలాగే సాగాయి.

ఒక చిన్న పక్కదారి పడతాను, సర్వేయరు బుద్ధి పోదు. 'ఎకరం' మాట మనకి ఇంగ్లీషు నుంచి వచ్చిందే. ఫర్లాంగు కూడా అంతే. మా తాత "ఊరు ఇంకో రెండు ఫర్లాంగులు" అనేవాడు. ఆ ఫర్లాంగు అంటే పాత ఇంగ్లీషులో 'ఒక చాలు పొడవు'. అది 220 గజాలకి స్థిరపడింది. దానికి 22 గజాల వెడల్పు కడితే 4,840 చదరపు గజాలు, మన ఎకరం. వాళ్ల లెక్కలో ఒక అరక ఒక రోజులో దున్నే నేల. ఆ 22 గజాలే నేను జీవితమంతా లాగిన గొలుసు, 66 అడుగులు, 100 లింకులు. క్రికెట్ పిచ్ పొడవు కూడా అదే. అంటే మనం సెంట్లలో స్థలాలు కొన్నప్పుడల్లా ఆ ఇంగ్లీషు ఎద్దుల లెక్కనే వాడుతున్నాం.

సరే, ఊళ్లోకి వద్దాం. గట్లు లేకపోతే తగాదాలు లేవనుకోకండి. తగాదాలు బోలెడు. మన దగ్గర 'గట్టు చెక్కుకోవడం' అంటాం చూశారా, అక్కడా అదే పని. చెక్కకి చివర గడ్డి దారి ఉంటుంది. నాగలి తిప్పేటప్పుడు ఒక్క చాలు ముందుకు పోతే ఎవరికి తెలుస్తుంది? వచ్చే ఏడు ఇంకో చాలు. పదేళ్లకి దారి బండి పట్టనంత అవుతుంది.

దీనికి వాళ్లు చేసిన ఏర్పాటు జ్యూరీ. పన్నెండు మంది ఊరివాళ్లు, వాళ్లకో పెద్ద. ఏటా నవంబరు చివరలో, ఆ ఏడు గోధుమ విత్తిన పొలానికి వెళ్తారు. నేను వెళ్లినరోజు ట్రాక్టరు వెనక ట్రైలరు మీద గడ్డి మోపులు వేసుకుని కూర్చున్నారు. చలి ఎముకలు కొరుకుతోంది. నన్ను దూరంగా నిలబడి చూడనిచ్చారు. చెక్క చివర ఆగి దిగుతారు. మొలకలు అప్పుడే నేలను పచ్చగా చేస్తున్నాయి. ఒకాయన బూటు మడమతో మట్టిలో గీత గీశాడు. ఇంకొకాయన కాదని అర అడుగు వెనక్కి జరిగి నిలబడ్డాడు. పాత హద్దు గూటం కోసం గడ్డిలో వెతికారు. దొరికింది, కుళ్లిపోయి. దాని చోట కొత్త కొయ్య గూటం పెట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేశారు. ఆ చెక్క దున్నేవాడు కూడా ఆ పన్నెండు మందిలోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. నోరెత్తలేదు. జ్యూరీ పెద్ద చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాడు. థియొడొలైట్ లేదు, జీపీఎస్ లేదు. నాకు చేతులు దురద పెట్టాయి.

వారం తర్వాత ఊళ్లో డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుంటుంది. 'కోర్ట్ లీట్' అంటారు. జమీందారు తరఫున స్టీవార్డ్ అధ్యక్షత వహిస్తాడు. తప్పు చేసినవాళ్ల పేర్లు చదువుతారు, జరిమానా వేస్తారు, వచ్చే ఏటి జ్యూరీచేత ప్రమాణం చేయిస్తారు. ఇదంతా తమాషా అనుకుంటారేమో. కాదు. 1977లో పార్లమెంటు ఇలాంటి పాత జమీందారీ కోర్టుల అధికారాలు తీసేసినప్పుడు, లాక్స్‌టన్ కోర్టుని మాత్రం ఉంచింది. జరిమానా డబ్బులు పెద్దవేమీ కావు. ఎవరైనా కట్టనంటే ఏం చేస్తారని ఒక ముసలి రైతుని అడిగాను. "వచ్చే ఏడు నా చెక్క చూడ్డానికి వచ్చేది వాడే కదండీ, వాడి చెక్కకి ఆ పై ఏడు నేను" అన్నాడు, అదేదో ప్రశ్నే కానట్టు.

మూడు పొలాలకీ పంటల వంతు ఉంది. ఒకదాంట్లో శీతకాలం గోధుమ, రెండోదాంట్లో వసంతంలో వేసే బార్లీలాంటి పంట, మూడోది బీడు. ఆ బీట్లో ఊరి పశువులు మేసేవి. ఇప్పుడు ఊరికే వదలరు, పశుగ్రాసం వేస్తారు. దున్నడానికి పనికిరాని పల్లపు గడ్డి నేలల్ని 'సైక్' అంటారు. వాటి గడ్డిని ఏటా వేలంపాట పెడతారు. మన చెరువు గట్టు గడ్డి పాట పాడినట్టే. దున్నకుండా వదిలినందుకు వాటిలో అరుదైన గడ్డిపూలు బతికాయి, ప్రభుత్వం రక్షణ కూడా ఇచ్చింది. ఇంకోటి చూసి మాత్రం నవ్వాగలేదు. ఊళ్లో చిన్న దొడ్డి. ఏమిటని అడిగితే, పరాయి చేలో పడ్డ పశువుల్ని పెట్టేదట. బందెలదొడ్డి!

మరి దాదాపు ఇంగ్లండు అంతా పోయిన పద్ధతి ఇక్కడెలా మిగిలింది? 1604 నుంచి 1914 దాకా అక్కడ 5,200 పైచిలుకు చట్టాలతో దాదాపు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాలకీ బీళ్లకీ కంచెలు పడ్డాయి. దేశం విస్తీర్ణంలో అయిదో వంతు. ఎంతోమంది బీదవాళ్లకి ఆవుని మేపుకునే చోటు పోయింది. లాక్స్‌టన్‌లో ఇద్దరు పెద్ద భూస్వాములు ఉండేవారు, మాన్వర్స్ ప్రభువూ స్కార్‌బరో ప్రభువూ. ఇద్దరికీ పొత్తు కుదరక కంచెల పని ముందుకు సాగలేదు. జమీందార్లు పోట్లాడుకుంటే రైతుకి మేలు జరిగిన సందర్భాలు తక్కువ, ఇదొకటి. తర్వాత 1952లో మాన్వర్స్ వంశం ఊరిని వ్యవసాయ శాఖకి అమ్మింది, పద్ధతి కాపాడాలన్న ఒప్పందం మీద. 1981లో అది రాచరికపు భూముల్ని చూసే క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థ చేతికి వెళ్లింది. 2020లో మాన్వర్స్ వంశీయుల థోర్స్‌బీ ఎస్టేట్ కొంది, అంటే పాత జమీందారు ఇంటికే తిరిగొచ్చింది.

అందుకే దీన్ని రామరాజ్యంలా చెప్పడం నాకిష్టం లేదు. రైతులు అప్పుడూ కౌలుదార్లే, ఇప్పుడూ కౌలుదార్లే. పెద్ద యంత్రాల కాలంలో సన్నటి చెక్కల్లో సేద్యం కష్టమని వాళ్లే చెప్పారు. 1900 తర్వాత చాలా చెక్కల్ని కలిపి వెడల్పు చేశారు కాబట్టి ఈమాత్రమైనా సాగుతోంది.

ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నకీ మా పెదనాన్న కొడుక్కీ అడుగున్నర గట్టు మీద పద్దెనిమిదేళ్లు కోర్టులో నడిచింది. నేనే సర్వేయర్ని, నేను కొలిస్తే నమ్మరు. పరాయి సర్వేయరు వచ్చి కొలిస్తే అతను నా స్నేహితుడన్నారు. తీర్పు వచ్చేసరికి ఇద్దరూ లేరు, గట్టు మీద తుమ్మచెట్టు ఉంది. ఇప్పుడు మన భూముల రీసర్వేలో డ్రోన్లూ, శాటిలైట్‌తో కొలిచే రోవర్లూ వచ్చాయి, మంచిదే, సెంటీమీటర్లతో సహా చెబుతాయి. కొలత తప్పని మా ఇంట్లో ఎవరూ అనలేదు, కొలిచినవాడి మీదే అనుమానం. లాక్స్‌టన్‌లో ఆ గూటం దిగుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

ఆ ఊరికి 1635 నాటి మ్యాపు ఉంది. విలియం కోర్టీన్ అనే లండన్ వర్తకుడు ఊరిని కొన్నాక, మార్క్ పియర్స్ అనే సర్వేయరు చేత చేయించాడు. కౌలు లెక్క తేల్చుకోవడానికే లెండి, భక్తితో కాదు. అసలు ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. నకలు కొని తెచ్చాను, ఆ కిటికీ పక్క బల్ల మీద పరిచి ఉంది. చెక్క చెక్కకీ ఎవరు దున్నుతున్నారో పేరు రాశాడు మహానుభావుడు. భూతద్దం కూడా పెట్టాను. పొలాల మధ్య చిన్న చిన్న మనుషులు కనిపిస్తారు, ఒకడు నాగలి పట్టాడు, కొందరు కోత కోస్తున్నారు. పిల్లల్ని ముందు చూడనివ్వండి. టీ కప్పులు మాత్రం దాని మీద పెట్టకండి.