మూడు పీడలూ ఒక దుప్పటీ

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ వారం సినిమా కాస్త పాతది. 2009 జూన్‌లో అమెరికాలో విడుదలైన ‘ఇమాజిన్ దట్’. ఎడ్డీ మర్ఫీ హీరో. సినిమా ఎంచింది అక్క, కాబట్టి తిట్లన్నీ తనకే పంపండి.

అక్క: పంపండి, పర్లేదు. దాదాపు 5.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి 2.3 కోట్ల దాకా వచ్చింది. అంత ఫ్లాపుని వెనకేసుకొచ్చేదాన్ని, నాలుగు తిట్లు తినలేనా?

తమ్ముడు: కథ నేను చెప్పేస్తా. డెన్వర్‌లో ఇవాన్ అని ఒకాయన. పెట్టుబడుల కంపెనీలో పెద్ద ఉద్యోగం, పని పిచ్చి. భార్యతో విడిపోయి ఉంటున్నాడు. కూతురు ఒలీవియా కొన్నాళ్లు ఈయన దగ్గర ఉండాల్సి వస్తుంది. ఆ పాపకి ఒక దుప్పటి ఉంది, దాని పేరు గూగా. అది తల మీద కప్పుకుంటే తన ఊహల్లోని రాజకుమార్తెలు వచ్చి మాట్లాడతారు. వాళ్ల పేర్లు కుపీడా, మోపీడా, సోపీడా.

అక్క: మూడూ పీడలే! ఆ పేర్లు విని తెలుగువాళ్లెవరైనా నవ్వకుండా ఉంటారా?

తమ్ముడు: [నవ్వు] ఆ పీడలే ఈయన్ని కాపాడతాయి. ఒకరోజు మీటింగ్‌కి వెళ్లి చూస్తే, తన కాగితాల నిండా కూతురు రంగులు పూసేసి ఉంటుంది. వేరే దారిలేక ఆ పిల్ల చెప్పిన మాటలే క్లయింట్ల ముందు అప్పజెప్తాడు. తీరా చూస్తే అన్నీ నిజమవుతాయి. ఇక ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో రాజకుమార్తెలే చెప్పాలి.

అక్క: నాకు నచ్చింది అక్కడే. వేరే సినిమా అయితే నాన్నకి గుండె కరిగి కూతురితో ఆడతాడు. ఈయన స్వార్థం కోసం ఆడతాడు. నేల మీద కూర్చుని, దుప్పటి కప్పుకుని, గాలితో మర్యాదగా మాట్లాడుతుంటాడు. అదంతా పిల్ల మీద ప్రేమ కాదు, ప్రమోషన్ మీద ప్రేమ. ఆడగా ఆడగా ఎప్పుడు నిజంగా ఆడటం మొదలుపెట్టాడో ఆయనకే తెలియదు.

తమ్ముడు: నాకు మాత్రం ఒక వెలితి ఉందక్కా. అంత బడ్జెట్ పెట్టుకుని ఆ ఊహాలోకం ఒక్క షాటులో అయినా చూపించరేంటి? కోట లేదు, రాణి లేదు, ఏమీ లేదు. డబ్బులు ఎక్కడ పోయాయి మరి?

అక్క: డైరెక్టర్ ఎవరో చూశావా? కేరీ కిర్క్‌ప్యాట్రిక్. 2006లో వచ్చిన ‘ఓవర్ ది హెడ్జ్’ తీసిన ఇద్దరు దర్శకుల్లో ఒకడు. అది యానిమేషన్ సినిమా. బొమ్మలతో లోకాలు కట్టడం వచ్చిన మనిషే ఇక్కడ ఏమీ గీయించలేదంటే కావాలనే కదా! మనం చూసేది ఆ పిల్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో, అంతే. కెమెరా కోట వైపు తిరిగి ఉంటే ఎడ్డీ మర్ఫీ మొహం మనకి దక్కేది కాదు.

తమ్ముడు: సరే, అది ఒప్పుకుంటా. ఆ పాప యారా షాహిదీ. 2014లో ‘బ్లాకిష్’ సీరియల్‌తో బాగా పేరొచ్చింది కదా, ఆ అమ్మాయే. ఖాళీ జాగా వైపు చూస్తూ ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు తలాడిస్తుంది. మనం కూడా అటే చూస్తాం, ఏమీ ఉండదు.

అక్క: నీ మేనకోడలితో కూర్చుని చూశాను. పది నిమిషాలయ్యాక, “రాజకుమార్తెలు కనబడట్లేదేమే?” అని ఊరికే అడిగాను. అది నా వంక జాలిగా చూసి, “కొంచెం జరుగమ్మా, నువ్వు అడ్డంగా కూర్చున్నావు” అంది.

తమ్ముడు: [పెద్దగా నవ్వు] ఇంకేం చెప్తావు దానికి!

అక్క: జరిగాను. ఏం చేస్తాను?

తమ్ముడు: నచ్చనివి కూడా చెప్పు. ఆఫీసులో పోటీగా ఉండే జానీ వైట్‌ఫెదర్. థామస్ హేడెన్ చర్చ్ బాగానే చేశాడు కానీ, నేటివ్ అమెరికన్ వారసత్వం పేరు చెప్పి, గాలీ నదీ అంటూ క్లయింట్లని బుట్టలో వేయడం... వాడు బూటకమే అనుకో, అయినా నాకు నవ్వు రాలేదు.

అక్క: నాకూ రాలేదు. పైగా ఒక్క జోకునే తిప్పితిప్పి వాడారు. చివరి అరగంట కూడా తెలిసిందే. ఒకవైపు పెద్ద మీటింగ్, ఇంకోవైపు స్కూల్లో పాప పాట. ఆయన ఎటు పరిగెడతాడో టైటిల్స్ పడేటప్పుడే చెప్పేయొచ్చు.

తమ్ముడు: చెప్పేయొచ్చు. అయినా నువ్వు ఏడ్చావు.

అక్క: కంట్లో ఏదో పడిందిరా.

తమ్ముడు: సరే సరే. ఇంతకీ నా షేర్లు ఏమవుతాయో నీ కూతుర్ని అడగమన్నాను, అడిగావా?

అక్క: అడిగాను. ముందు మామయ్యని సోఫా మీంచి కాళ్లు తీయమను, మోపీడా కూర్చోవాలట అంది.